చైను మీద తెల్లగీత

మదనపల్లె,
నవంబరు 13.

చంద్రా,

ఎవరు రాశారా అని కవరు అటూ ఇటూ తిప్పి చూసి ఉంటావు. ఇక్కడి ఐటీఐలో ఒకే బెంచీ మీద కూర్చున్నప్పటి నుంచి ఇరవై ఆరేళ్లుగా మనకు ఉత్తరాలతో పని పడలేదు. నా ఫోను పోలీసుల దగ్గరుంది. ఇంకో ఫోను పట్టుకోవద్దని, ముఖ్యంగా నీతో మాట్లాడవద్దని వకీలు చెప్పాడు. మనిషిని బుట్టలో పైకి లేపే ఆ లిఫ్టును తనిఖీ చేసి సంతకం పెట్టిన నేను ముద్దాయినట, దాన్ని నడిపిన నువ్వు సాక్షివట. ఉత్తరం రాయవద్దని మాత్రం అనలేదు. ఈ రోజుల్లో ఎవడు రాస్తాడులే అనుకున్నాడేమో.

రాజేంద్ర సంగతి తెలిసేటప్పటికి నేను కలకడలో ఇంకో యంత్రం కింద పడుకుని ఉన్నాను. మీ ఓనరు మల్లప్ప ఫోను చేశాడు. చైను తెగిందన్నాడు, బుట్ట నలభై అడుగుల నుంచి పడిందన్నాడు, మనిషి పోయాడన్నాడు. ఎవరని అడిగితే నీ చెల్లెలి మొగుడి పేరు చెప్పాడు. యమున పెళ్లిలో నేను వెనక నిలబడి ఉంటే చెయ్యి పట్టుకుని ఫోటోలోకి లాక్కుపోయిన మనిషి. స్పానరు కింద పెట్టి అక్కడే చాలాసేపు కూర్చున్నాను.

రాజేంద్ర మట్టికి, ఆఖరి చూపుకు రాలేదని నువ్వు అనుకుని ఉంటావు. బయలుదేరాను. పుంగనూరు బస్టాండులో దిగాను కూడా. టీ అంగడి దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. "ఆ చైను సూసేవాడే సంపినాడంట గదప్పా" అన్నాడు ఒకాయన. నేనే ఆ చైను చూసేవాడినని వాళ్లకు తెలియదు. టీ డబ్బులిచ్చి, టీ తాగకుండా, వచ్చిన బస్సులోనే వెనక్కి వచ్చేశాను. పిరికితనమే, కాదనను.

నీకు తెలిసిందే అయినా మళ్లీ రాస్తాను. అక్టోబరు పదిహేనున కుప్పంలో మల్లప్ప షెడ్డులో ఆ లిఫ్టు చూశాను. ఒకదానిలోంచి ఒకటి పైకి జరిగే ఆ ఇనుప స్తంభాలను లాగేవి రెండే రెండు చైన్లు. గేజి పెట్టి రెండూ కొలిచాను. నూటికి మూడు పాళ్లు సాగితే చైను పారేయాలి, అవి ఒకటిన్నర దగ్గర ఉన్నాయి. చైను పట్టీలను కలిపి ఉంచే పిన్నుల తలల మీదుగా నేను గీసిన తెల్లగీత తిన్నగా ఉంది. గీత తిన్నగా ఉందంటే ఏ పిన్నూ చోటు కదిలి తిరగలేదని, లోపలికి నూనె అందుతోందని. అంతా సరిగ్గానే ఉంది. ఇలా రాసుకుంటే నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది.

అసలు ఏం జరిగింది? ముందుగా ఏమైనా చప్పుడు వచ్చిందా? యమున ఎలా ఉంది? నా పేరు ఎత్తుతోందా?

ఆనందం.


పుంగనూరు,
నవంబరు 22.

ఒరేయ్ ఆనందా,

నీ రాత ఇప్పటికీ కోడి కెలికినట్టే ఉంది. రెండుసార్లు చదివితే గానీ అర్థం కాలేదు. జీవానందం అని నిండా పేరు రాయడానికి కూడా నీకు ఎప్పుడూ బద్ధకమే.

పదకొండో దినం అయిపోయినా నేను ఇక్కడే, యమున ఇంట్లోనే ఉండిపోయాను. కుప్పం పోయి ఏం చేసేది? వచ్చేవాళ్లకు కుర్చీలు వేస్తాను, పోయేవాళ్లను వీధి చివరి దాకా సాగనంపుతాను. మధ్యలో పని లేకపోతే పొయ్యి దగ్గర కూర్చుంటాను.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. కుప్పం ఊరి బయట కట్టే గోడౌనుకు పైకప్పు రేకులు బిగించే పని. రాజేంద్ర ఒక్కడే బుట్టలో ఉన్నాడు. నేను కింద మీటల దగ్గర ఉన్నాను. అన్నం పొద్దయింది, దిగమని కేకేశాను. "ఇంగ రెండు బోల్టులే బావా, బిగించేసి వస్తా, నువ్వు బో, చేతులు కడుక్కో" అన్నాడు. ఆ రెండు బోల్టులకు ఇంకో అడుగు పైకి కావాలన్నాడు. మీట నొక్కాను. టక్‌మని చప్పుడు వచ్చింది. ఒక చైను తెగి స్తంభానికి కొట్టుకుంది. ఒకటి తెగితే రెండోది ఆపాలి కదా, అందుకే కదా రెండు పెట్టేది. ఆ కుదుపుకు అదీ తెగింది. నేను మీట వదిలేసి చేతులు పైకి చాచానట, పట్టుకునేవాడిలా. చూసినవాళ్లు చెప్పారు, నాకు గుర్తు లేదు.

యమున ఏడవడం మానేసింది. ఆయన పని చొక్కా నాలుగుసార్లు ఉతికి ఆరేసింది, మళ్లీ తీసి ఉతుకుతుంది. నీ పేరు ఎత్తలేదు. ఎవరి పేరూ ఎత్తదు. రోజుకొకసారి నన్ను ఒకటే అడుగుతుంది. "అన్నా, ఇనుము గదా, ఎట్ల తెగతాది?" అని. విచారణలో తేలుతుందిలేమ్మా అంటాను. ఇంకేం చెప్పను?

నీ తప్పుందని నేను ఎవరితోనూ అనలేదు, అనను. నువ్వు అన్నం తిని నిద్రపో. మీ ఆవిడ విక్టోరియమ్మను అడిగానని చెప్పు.

నీ
మునిచంద్ర.


మదనపల్లె,
డిసెంబరు 21.

చంద్రా,

నీ ఉత్తరం వచ్చి నెలయింది. జవాబు రాయడానికి కూర్చుంటే ఆ రెండు బోల్టుల దగ్గర ఆగిపోతున్నాను.

నా లైసెన్సు ఆపేశారు. గుర్రంకొండ, వాల్మీకిపురం, కలకడ, ఎక్కడెక్కడ నేను చూసే యంత్రాలున్నాయో అన్నింటికీ వేరే మనిషిని పెట్టారు. విక్టోరియా పొద్దున్నే మిషన్ ఆసుపత్రికి డ్యూటీకి పోతుంది, నేను కూరగాయలు తరుగుతాను. చర్చిలో ఎవరూ ఏమీ అనడం లేదు. క్రిస్మస్‌కు నేను చదవాల్సిన వాక్యం ఈ ఏడు వేరేవాళ్లకు ఇచ్చారు. "నీకెందుకు శ్రమ ఆనందన్నా, రెస్టు తీసుకో" అన్నారు. ప్రేమగానే అన్నారు. ఇంటికి వచ్చి మేరిబిస్కట్టు డబ్బా గోడకేసి కొట్టాను. విక్టోరియా ముక్కలు ఊడ్చింది.

విచారణ అధికారి నన్ను రెండు గంటలు కూర్చోబెట్టాడు. మంచివాడిలాగే ఉన్నాడు, గొంతు పెంచడు. చైనుకు ఆ ఎర్ర రంగు ఎవరు వేశారని అడిగాడు. ప్రతి ఏడూ ఆయుధ పూజకు వేస్తారు సార్ అన్నాను. వేస్తే మీరు ఊరుకుంటారా అన్నాడు. దానికి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

ఎందుకు చెప్పలేకపోయానో నీకు తెలుసు. రెండేళ్ల కిందట మల్లప్ప పూజకు లిఫ్టు మొత్తానికి, చైన్లతో సహా, రంగు పూయించినప్పుడు నేను షెడ్డు ఎగిరిపోయేలా అరిచాను. రంగు సందుల్లోకి పోతే నూనె లోపలికి పోదని, పట్టీలకు పగులు వచ్చినా కనబడదని. అప్పుడు ఆయన అన్న మాట నువ్వూ విన్నావు. "మా దేవునికి చేసుకునే పని. దానికి మీకు యాల కోపమొస్తాదప్పా?" అన్నాడు. పదిహేనేళ్లుగా నన్ను నువ్వు అని పిలిచే మనిషి ఆ రోజు 'మీకు' అన్నాడు. అది గౌరవం కాదు. మీ వాళ్లకు, మీ మతం వాళ్లకు అని. ఆ ఒక్క మాటతో పదిహేనేళ్లూ నన్ను గేటు బయటే నిలబెట్టినట్టయింది.

నువ్వు మధ్యలో దూరి రాజీ కుదిర్చావు. రంగు వేసుకోండి, అయితే పిన్నుల తలల మీద టేపు అంటించి వేయండి, నా గీత చెడకుండా ఉంటే చాలు అన్నాను. ఈ అక్టోబరులో వచ్చి చూస్తే చుట్టూ ఎరుపు, మధ్యలో పిన్నులు శుభ్రంగా, గీత తిన్నగా ఉంది. నీ భుజం తట్టాను, గుర్తుందా? కడిగి రంగు వేసేటప్పుడు ఏదైనా తేడాగా కనబడి ఉంటే నువ్వు చెప్పేవాడివే. ఊరికే అడుగుతున్నాను.

ఆనందం.


కుప్పం,
జనవరి 9.

ఒరేయ్ ఆనందా,

సంక్రాంతి దగ్గరికి వచ్చింది, మల్లప్ప కొత్త లిఫ్టు దింపాడు. పాతది పోలీసుల సీలుతో షెడ్డు వెనక పడి ఉంది. కొత్తదానికి చైన్లు కనబడనే కనబడవు, అంతా లోపలే. చైన్లు చూసే నీకు ఇక్కడ ఇంక పనే లేదని నవ్వుదామనుకున్నాను. రాశాక చూస్తే నవ్వులా లేదు. కొట్టేయడం ఇష్టం లేక వదిలేస్తున్నాను.

నాకు దాని మీదికి ఎక్కబుద్ధి కావడం లేదు. కింద మీటల దగ్గర నిలబడతాను, బుట్టలో మనిషి ఎక్కగానే చెయ్యి మీట మీదికి పోదు. మొన్న ఒక మనిషిని పది అడుగులు లేపి, దించేసి, కడుపునొప్పి అని చెప్పి ఇంటికి పోయాను. మల్లప్ప చూశాడు. "నీ చెల్లెలి మొగుడు పోయినాడని నాకూ బాధ ఉండాది. అయినా లిఫ్టు తప్పేముండాదిరా, సూసినోడు సరిగ్గా సూడలేదు" అన్నాడు. నేను తల ఊపానో లేదో నాకు తెలియదు.

ఇంకొక సంగతి. నేనే చెబితే మంచిది, లేకపోతే వకీలు నీకు చదివి వినిపిస్తాడు. అధికారి దగ్గర నేను వాంగ్మూలం ఇచ్చాను. లిఫ్టు నడపడం వరకే నా పని, చైన్ల జోలికి నేను పోను, అంతా మెకానిక్కు చూసుకుంటాడు అని రాయించాను. మల్లప్ప పక్కనే ఉన్నాడు. అబద్ధమేం కాదు కదా. చైను నీ పనే కదా. నీకు చెడు చేయాలని చెప్పింది కాదు.

రంగు సంగతి అడిగావు. ఏమీ తేడాగా కనబడలేదు.

మునిచంద్ర.


మదనపల్లె,
జనవరి 28.

మునిచంద్ర గారికి,

జీవానందం రాయునది.

చైన్లను పరీక్షకు పంపిన రిపోర్టు వచ్చింది. వకీలు నాకు రెండు పేజీలు చూపించాడు. తెగిన చోట రెండు పిన్నులు ఎప్పుడో బిగుసుకుపోయి, చోటు తప్పి తిరిగాయట. తిరిగి తిరిగి పట్టీల కంతలను తినేశాయి. ఇది ఒక నెలలో జరిగేది కాదట.

పిన్నులు తిరిగితే గీత విరగాలి. కానీ చైను మీద గీత తిన్నగా ఉంది. ఎందుకు తిన్నగా ఉందో కూడా రాశారు. పిన్ను తలకు, పట్టీకి మధ్య సందులో పాత తెల్ల రంగు కొంచెం మిగిలి ఉంది. అది ఒక వైపు వాలి ఉంది. పైన కనబడే గీత వేరే, తర్వాత గీసినది. అంటే పిన్నులు తిరిగాక, పాత గీత పోయాక, ఎవరో కొత్తగా తిన్నగా గీశారు.

ఆ ఎవరో నేనేనని అధికారి అనుకుంటున్నాడు. తప్పును కప్పిపెట్టడానికి నా చేతులతో నేనే గీత మార్చి, సంతకం పెట్టానని. నిన్నటిదాకా నా మీద ఉన్నది అజాగ్రత్త. ఇప్పుడు మోసం అంటున్నారు. మార్చి పన్నెండున చివరి విచారణ. ఆ రోజు ఈ మాట అలాగే నిలబడితే నేను జైలుకు పోతానని వకీలు దాపరికం లేకుండా చెప్పాడు.

ఆ గీత నేను గీయలేదు. తెల్ల రంగు డబ్బా, సన్న కుంచె మీ షెడ్డులోనే, మీ సామాన్ల పెట్టెలోనే ఉంటాయి. గీసింది ఎవరో మీకు తెలిస్తే ఒక్క ముక్క రాయండి.

జీవానందం.


కుప్పం,
ఫిబ్రవరి 4.

ఆనందా,

'గారు' అని రాశావు. చదవగానే నవ్వు వచ్చింది. మళ్లీ చదివితే రాలేదు.

పూజ నాడు షెడ్డులో పదిమంది ఉన్నారు. గుమ్మడికాయ కొట్టేవాడు ఒకడు, అరటికొమ్మలు కట్టేవాడు ఒకడు, రంగు వేసేవాడు ఒకడు. ఎవరి చేతిలో ఏ కుంచె ఉందో నేను చూశానా? ల్యాబు వాళ్లు కూడా మనుషులే, వాళ్లూ పొరబడతారు. నువ్వే ఎప్పుడో గీసి మరిచిపోయావేమో, నీకు అసలే మతిమరుపు.

యమునకు జ్వరంగా ఉందని కబురు వచ్చింది. పుంగనూరు పోతున్నాను. తీరికగా రాస్తాను.

మునిచంద్ర.


మదనపల్లె,
ఫిబ్రవరి 10.

మునిచంద్ర గారికి,

నేను అడిగింది పదిమంది గురించి కాదు. రిపోర్టులోని ఫోటో నేను చూశాను. పై నుంచి కిందికి ఒకే ఊపులో, కుంచె ఎత్తకుండా, చివర కొంచెం ఎడమకు తోసి ఆపిన గీత. అలా గీయడం నేను నా జన్మలో ఒక్కడికే నేర్పాను.

జీవానందం.


పుంగనూరు,
ఫిబ్రవరి 25.

ఆనందా,

పదిహేను రోజులుగా ఈ కాగితం మడిచి జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. రాస్తాను, చించుతాను. ఈసారి చించను.

నేనే గీశాను.

పూజకు ముందు రోజు చైన్లను డీజిలుతో కడిగాను. నువ్వు చెప్పినట్టే పిన్నుల తలల మీద వరసగా టేపు అంటించాను. మల్లప్ప రంగు వేయించాడు. పసుపు, కుంకుమ బొట్లు పెట్టారు. పూజ అయ్యాక టేపు పీకితే దానితోపాటు నీ గీత కూడా లేచి వచ్చేసింది. పోయినేడు ఇలా కాలేదు. ఈసారి టేపు కొత్త రకం, జిగురు ఎక్కువ. టేపుకు తెల్లటి ముక్కలు అంటుకుని ఉన్నాయి. టేపు అంటించమన్నది నువ్వు, అందుకు రాజీ కుదిర్చింది నేను. ఇప్పుడు నీ గీత పోగొట్టానంటే మళ్లీ షెడ్డులో గొడవ, మళ్లీ మల్లప్ప నిన్నేదో అంటాడు. పెట్టెలోంచి నీ డబ్బా తీసి, అచ్చం నువ్వు గీసినట్టే గీశాను.

ఇంతవరకే రాసి కవరు అంటించేద్దామనుకున్నాను. ఇంతవరకే అయితే నువ్వు నన్ను క్షమిస్తావు. ఇంకా ఉంది.

టేపు అంటించేటప్పుడు, కడిగిన చైను మీద, రెండు పిన్నుల దగ్గర గీత విరిగి ఉండటం చూశాను. ఒకటి కొంచెం, ఒకటి బాగా. చూశాను ఆనందా. అది ఏమిటో నాకు తెలుసు, నువ్వే చెప్పావు. నీకు ఫోను చేద్దామని జేబులో చెయ్యి పెట్టాను. ఫోను చేస్తే నువ్వు ఏమంటావో కూడా తెలుసు. లిఫ్టు ఆపు, చైన్లు రెండూ మార్చేదాకా కదిలించవద్దు అంటావు. కొత్త చైన్లు రావాలంటే నెల. ఆ గోడౌను పని వేరేవాళ్లకు పోతుంది. రాజేంద్ర రెండు నెలలుగా పని లేకుండా కూర్చుని ఉన్నాడు, ఆ పని ఇప్పిస్తానని యమునకు నేనే మాటిచ్చాను. ఎలాగూ పదిహేనో తేదీ ఆనందం వస్తాడు, గేజి పెట్టి కొలుస్తాడు, నిజంగా చెడిపోయి ఉంటే కొలతలో తెలుస్తుంది, వాడి కంటికి ఏదీ తప్పదు అనుకున్నాను. నువ్వు వచ్చావు. చూశావు. నా భుజం తట్టావు. సంతకం పెట్టావు. నువ్వు కొలిచాక కూడా బాగుందంటే నేను చూసింది పెద్ద సంగతి కాదేమో అని నాకు ప్రాణం లేచి వచ్చింది. చెప్పాలంటే ఆ రోజు ఇంటికి పోయి కడుపునిండా తిన్నాను.

యమునకు ఈ సంగతి తెలియదు. జ్వరం తగ్గింది. నేను వండితే తింటుంది, నేను లేకపోతే తినదు. ఆమెకు నేను తప్ప ఎవరున్నారు? నేనే ఆయన్ని ఆ బుట్ట ఎక్కించానని, తెలిసి ఎక్కించానని ఎలా చెప్పేది?

నువ్వు ఎలా అంటే అలా చేస్తాను. ఊ అంటే పన్నెండో తేదీ వచ్చి అధికారి ముందు చెబుతాను. వద్దంటే నోరు మూసుకుంటాను. ఈ కాగితం నీ చేతిలో ఉంది, నీ ఇష్టం.

చంద్ర.


మదనపల్లె,
మార్చి 3.

చంద్రా,

నీ ఉత్తరం అందిన రోజు నీ మీద వచ్చినంత కోపం నాకు ఇంతవరకు ఎవరి మీదా రాలేదు. గీత గీసినందుకు కాదు. చివర రాశావు చూడు, 'నీ ఇష్టం' అని, దానికి. అక్టోబరులోనూ ఇంతే చేశావు. కళ్లారా చూసింది నోటితో చెప్పకుండా, ఆనందం వస్తాడు, వాడే తేలుస్తాడు అనుకున్నావు. ఇప్పుడు నీ చెల్లెలికి చెప్పాలో వద్దో కూడా నేనే తేల్చాలా? నేను తేల్చను.

విక్టోరియా ఉత్తరం చదివింది. వెంటనే వకీలుకు ఇమ్మంది. ఇస్తే మోసం అన్న మాట నా మీద నుంచి పోతుంది, అది నిజమే. "ఆయప్ప ఆయప్ప సెల్లెల్ని కాపాడుకుంటాండాడు. నువ్వు నీ ఇంటిదాన్ని కాపాడుకోవా?" అని అడిగింది. ఆ మాటకు నేను ఆమె ముందు తల ఎత్తలేకపోయాను. ఎందుకో ఆమెకు ఆ తర్వాత చెప్పాను. ఇప్పుడు నీకూ చెబుతున్నాను.

నేను కొలవలేదు.

నవంబరులో నీకు రాసిన మొదటి ఉత్తరంలోనే అబద్ధం రాశాను. గేజి పెట్టి రెండూ కొలిచానని. ఒకటిన్నర అన్నది సెప్టెంబరు అంకె, చూసి దించేశాను. పదిహేనో తేదీ నేను షెడ్డుకు వచ్చేటప్పటికి చైను మీద రంగు దట్టంగా ఉంది. గేజి కూర్చోవాలంటే నాలుగైదు చోట్ల గీకాలి. బొట్లు పెట్టిన రంగు. నువ్వు బయటెక్కడో ఉన్నావు, మల్లప్ప చేతులు కట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. కత్తి సంచిలోంచి సగం తీశాను కూడా. నేను అక్కడ గీకడం మొదలుపెడితే మళ్లీ ఆయన నోట ఆ 'మీకు' వస్తుందని నా మనసు ముడుచుకుపోయింది. గీత చూశాను. తిన్నగా ఉంది. గీత తిన్నగా ఉంటే కొలతకేం తొందర, వచ్చే నెల రంగు పెళుసెక్కాక కొలవచ్చులే అనుకున్నాను. చంద్ర టేపు అంత జాగ్రత్తగా వేశాడు, చైనును వాడు నాకంటే బాగా కనిపెట్టుకుంటాడు అని కూడా అనుకున్నాను. కత్తి లోపల పెట్టేశాను. ఒక మాట పడలేక ఒక మనిషిని పోగొట్టాను.

ఇన్ని నెలలూ నేను వకీలుతో, అధికారితో, దేవుడితో కూడా కొలిచాననే చెప్పాను. రాత్రుళ్లు నిద్ర పట్టకపోతే నిజంగా కొలిచానేమో అని కూడా అనుకునేవాడిని.

పన్నెండో తేదీ నేను కొలవలేదని చెబుతాను. దానికి ఏ శిక్ష వేస్తే అది పడతాను. గీత నేను గీయలేదని కూడా చెబుతాను. ఎవరు గీశారని అడిగితే నీ పేరు చెబుతాను, అబద్ధం ఇంక చెప్పను. నమ్మితే నమ్ముతారు. నీ ఉత్తరం ఈ కవరులోనే తిప్పి పంపుతున్నాను. కాగితం చూపించి నిన్ను పట్టివ్వను. కానీ యమునకు ఈ సంగతి ఎవరో వకీలు నోటి ద్వారా తెలియకూడదు. నీ నోటితో నువ్వే చెప్పాలి. నా సంగతి కూడా చెప్పు, ఏదీ దాచకు.

ఈ విచారణ అయ్యాక మనం ఒకరికొకరం ఏమవుతామో నాకు తెలియదు. ఇప్పుడు దాని గురించి ఆలోచించే ఓపిక లేదు.

ఆనందం.


పుంగనూరు,
మార్చి 9.

ఆనందా,

నిన్నటి నుంచి బస్టాండులోనే ఉన్నాను, ఇక్కడే కూర్చుని రాస్తున్నాను. కాగితం మోకాలి మీద పెట్టుకున్నాను, ఈసారి నా రాత కూడా కోడి కెలికినట్టే ఉంటుంది.

నిన్న పొద్దున యమున బియ్యం ఏరుతుంటే ఎదురుగా కూర్చున్నాను. జేబులోంచి రెండు ఉత్తరాలూ తీసి, నాది, నీది, మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఒక్క ముక్క వదలలేదు. వింటూ వింటూనే చేటలో బియ్యం అంతా ఏరేసింది. ఏరడం అయిపోయాక చేట పక్కన పెట్టింది.

"ఆ రెండు పిన్నులూ సూసినావా, సూడలేదా? అది సెప్పు" అని అడిగింది. ఉత్తరంలో చదివాను కదమ్మా అన్నాను. "సదివింది కాదు. నాకు సెప్పు" అంది. చూశానమ్మా అన్నాను.

నేను ఆమె కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగింది. నీ గురించి అడిగింది. ఆయన కూడా కొలవలేదా అని. లేదన్నాను. అప్పుడు ఒకటే మాట అంది, గొంతు కూడా పెంచలేదు. "నువ్వు ఆయన్ని నమ్ముకునినావు. ఆయన నిన్ను నమ్ముకునినాడు. నా మొగుడు మీ ఇద్దర్నీ నమ్మి ఎక్కినాడు."

తర్వాత లేచి పోయి నా చొక్కాలు, తువ్వాలు మడిచి బ్యాగులో పెట్టింది. చిందరవందరగా కుక్కలేదు, బాగా మడిచి పెట్టింది. బ్యాగు తెచ్చి గడప బయట పెట్టింది. నేను చెప్పులు వేసుకుంటుంటే తలుపు దగ్గర నిలబడి చెప్పింది. "పన్నెండో తేదీ నేనూ వస్తా. ఆఫీసరుకు సెప్పేది ఆఫీసరుకు సెప్పుకోండి. ముందు ఇద్దరూ నా మొగం సూసి నాకు సెప్పాల." నేను తల ఊపాను. తలుపు వేసేసింది. లోపల గొళ్లెం పెట్టిన చప్పుడు వినబడింది.

పొద్దున వంట చేసుకుందో లేదో తెలియదు. పక్కింటి ఆమెకు చెప్పి వచ్చాను, కాస్త కనిపెట్టుకోమని.

పన్నెండో తేదీ పది గంటలకు ఆఫీసు దగ్గర ఉంటాను. నువ్వు నాతో మాట్లాడకపోయినా ఫరవాలేదు. యమున మనకంటే ముందే వచ్చి కూర్చుని ఉంటుంది.

చంద్ర.